ఇంటి కంప్యూటరునకు జీర్ణోద్ధరణము

జీర్ణోద్ధరణమను మాట వినగానే మనకు దేవాలయములు, కోనేరులు, కోటగోడలు స్ఫురించును. హనుమకొండ వేయిస్తంభముల గుడి యందలి కల్యాణమండపమును 2006 ప్రాంతమున విప్పి, పునాది మొదలుకొని మరల నిర్మించి, 2024 మార్చిలో ప్రజలకు తెరచిన వృత్తాంతము మన పాఠకులకు తెలిసినదే. అట్టి పనియే నలుబదియేండ్ల క్రిందటి ఇంటి కంప్యూటర్లకును జరుగుచున్నదన్న సంగతి మాత్రము మనలో బహు కొద్దిమందికే తెలియును. దానిని చేయువారు జీతముకొరకు గాని, బిరుదుకొరకు గాని చేయువారు కారు. వారిలో కొందరు ఉన్న యంత్రమును బాగుచేయుటతో తృప్తినొందరు. ఒక్క భాగమైనను అతికింపని ఉత్త మదరుబోర్డును ముందిడుకొని, ప్రతి రెసిస్టరును, ప్రతి చిప్పును వెదకి తెచ్చి, టంకము వేసి, ఆనాటి యంత్రమును ఆనాటి రీతిగనే మరల పలికింతురు. ఇది కాలక్షేపమే కాని చరిత్ర కాదని నవ్వువారు కలరు. నా అభిప్రాయము వేరు.

జోల్వాలో నీ ప్రసంగమేల యని అడుగవచ్చును. జోల్వా సూరతు జిల్లా పల్సానా తాలూకాలోనిది. దారపు మిల్లులకును నేతపనికిని ఆటపట్టు. సూరతు నేతశాలలలో తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు తరతరములుగా పనిచేయుచున్నవి. జకార్డు మగ్గము వారికి కొట్టినపిండి. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమందు 1804-05 ప్రాంతమున జకార్డు అను నతడు చిల్లులు పొడిచిన అట్టలచేత పడుగుపోగుల నెత్తు ఏర్పాటు కావించెను. చిల్లున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. ఉన్నది, లేదు అను ఈ రెండు మాటలే నేటి కంప్యూటరు భాష యంతయు. బాబేజి పండితుడు తాను తలపెట్టిన గణకయంత్రమునకు ఈ అట్టలనే యెన్నుకొనెను; 1890లో అమెరికా జనాభా లెక్కలకు హొలరిత్ వాడినవి చిల్లుల అట్టలే. ఇప్పుడు అట్టల స్థానమును ఎలక్ట్రానిక్ జకార్డులు ఆక్రమించుచున్నవి. మగ్గము మొరాయించినపుడు నేతగాడు పరుగెత్తునది బోర్డులు బాగుచేయు పనివాని కడకే. అట్టి పనివాడగు మన తెలుగువాని బల్లపై, మగ్గపు బోర్డుల నడుమ, పచ్చని ఉత్తబోర్డు నొకదానిని జోల్వాలో చూచితిని. అది సింక్లెయిరు స్పెక్ట్రము అను ఇంటి కంప్యూటరుది. అతడు చూపినదియు, పిమ్మట నేను చదివినదియు కలిపి ఇచ్చట వ్రాయుచున్నాను.

ఉత్తబోర్డుతో ఆరంభించుట నేటి వింత కాదు. ఇంటి కంప్యూటరు పుట్టినదే ఆ రూపమున. 1976లో అమెరికాలో స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన ఆపిల్-1 యంత్రమును 666 డాలర్ల 66 సెంట్లకు కొన్నవాని చేతికి వచ్చినది బోర్డు మాత్రమే. పెట్టె, కీబోర్డు, ట్రాన్స్‌ఫార్మరు అతడే సమకూర్చుకొనవలెను. బ్రిటనులో క్లైవ్ సింక్లెయిరు 1980లో జడ్‌ఎక్స్-80 యంత్రమును, మరుసటి యేట జడ్‌ఎక్స్-81 ను, బిగించినవిగను విడిభాగముల మూటగను రెండు విధముల అమ్మెను. రెండవదాని వెల, బిగించినచో 69 పౌండ్ల 95 పెన్నీలు. మూటగా నైనచో 49 పౌండ్ల 95 పెన్నీలు. ఇరువది పౌండ్లు టంకము వేయువాని కూలి యన్నమాట. ఆ కూలి మిగుల్చుకొన గోరి వేలకొలది బాలురు ఇంటి వంటబల్లలపై కంప్యూటరు శాస్త్రమును అభ్యసించిరి.

స్పెక్ట్రము 1982 ఏప్రిల్ 23వ తేదీన వెలువడెను. 16 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గలది 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175 పౌండ్లు. నేడు చేతిఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రము కూడ 48 కిలోబైట్లలో ఇముడదు. రిచర్డ్ ఆల్ట్‌వాసర్ దాని విద్యుత్ నిర్మాణమును, రిక్ డికిన్సన్ పై రూపమును, నైన్ టైల్స్ అను సంస్థవారగు జాన్ గ్రాంటు, స్టీవ్ వికర్సులు అందలి శాశ్వత కార్యక్రమమును సిద్ధము చేసిరి. టెలివిజనే తెర, టేప్‌రికార్డరే గ్రంథాలయము. ఏబది లక్షలకు పైగా అమ్ముడుపోయి 1992లో ఉత్పత్తి నిలిచిపోయెను. సింక్లెయిరు కంప్యూటరు వ్యాపారము 1986లోనే ఆమ్‌స్ట్రాడ్ సంస్థకు 50 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయియుండెను.

అంత చవుకకు అంత యంత్రమెట్లు వచ్చెనన్నచో, దాని రహస్యమంతయు నలుబది కాళ్లుగల ఒక్క చిప్పులో నున్నది. దానిని యు.ఎల్.ఎ. అందురు. తెరపై బొమ్మ గీయుట, కీబోర్డును చూచుట, టేపును వినుట, శబ్దము చేయుట, ప్రాసెసరునకు గడియారపు తాళము వేయుట అన్నియు దాని పనులే. తెరకు బొమ్మ పంపవలసిన క్షణమున ప్రాసెసరు అదే జ్ఞాపకభాగమును ముట్టవచ్చినచో, ఇది గడియారమును ఆపి దానిని నిలువబెట్టును. ఇంట పెద్దకోడలివంటి దనవచ్చును. దీనిని తయారుచేసినది ఫెరాంటి సంస్థ. ఒకప్పుడు నూలుమిల్లులకు ప్రపంచప్రసిద్ధమైన ఓల్డ్‌హామ్ పట్టణపు పరిసరములలోనే దాని చిప్పుల కర్మాగారముండెను. నూలు వడకిన సీమలోనే చిప్పులును పుట్టుట జోల్వావారికి వింతగా తోచదు.

తక్కిన చిప్పులు లోకములో అనేకులు చేసినవి. ఒకటి పోయినచో మరియొకటి దొరకును. యు.ఎల్.ఎ. అట్లు కాదు. స్పెక్ట్రమునకే ప్రత్యేకముగా చేసినది. అది చేయుట మానివేసిన దినముననే ఈ యంత్రమునకు ఆయుర్దాయము నిర్ణయమైపోయెను. మిగిలిన చిప్పులు ఒక్కొక్కటిగా కాలిపోయినచో, ఏబది లక్షల యంత్రములును మూగవోవలసినవే. దాని లోపలి నిర్మాణము ప్రజలకు తెలిసినది కాదు. ఇచ్చటనే జీర్ణోద్ధరణము మరమ్మతుపని స్థాయిని దాటి చరిత్రపరిశోధన యగుచున్నది. క్రిస్ స్మిత్ అను ఆంగ్లేయుడు ఆ చిప్పు పైతొడుగును తొలగించి తీసిన సూక్ష్మచిత్రములను శాసనాక్షరములవలె ద్వారము తరువాత ద్వారముగా చదివి, అది ఏ క్షణమున ఏమి చేయునో నిర్ణయించి, 2010లో ఒక గ్రంథమునే ప్రకటించెను. అంతేకాదు, బజారులో దొరకు సామాన్య తర్కచిప్పులతోనే యు.ఎల్.ఎ. పని యంతయు చేయించి, హార్లెక్విన్ అను పేర స్పెక్ట్రమును మరల నిర్మించి చూపెను. నేడు హార్లెక్విన్ ఉత్తబోర్డును తెప్పించుకొని ఎవరైనను బిగించుకొనవచ్చును.

ఈ కథ చదువుచున్నంతసేపును నాకు బ్రౌను దొర జ్ఞప్తికి వచ్చుచుండెను. కడపలో పండితులకు జీతములిచ్చి, వేమన పద్యముల తాళపత్రప్రతులను తెప్పించి, ప్రతికి ప్రతి పోల్చి చూపించి, 1829లో అతడు అచ్చొత్తించిన పుస్తకమే కదా తరువాతివారికి దారి చూపినది. మూలప్రతి యొక్కటియే దొరకినచో పని సులభము. ప్రతులు పెక్కై, పాఠాంతరములు పెక్కైనపుడే పండితుని అవసరము. స్పెక్ట్రము బోర్డులకును పాఠాంతరములున్నవి. సింక్లెయిరు వారు పలు పర్యాయములు బోర్డును మార్చిరి. ప్రతిదాని మూలను ఇష్యూ అను మాటయు అంకెయు ముద్రితమైయుండును. మొదటి ఇష్యూలో యు.ఎల్.ఎ. తప్పుగా తయారుకాగా, ఆ తప్పును దిద్దుటకు ఒక చిన్న చిప్పును వెల్లకిల వేసి తీగెలతో అతికించి అమ్మిరి. కాళ్లు పైకెత్తి పడియున్న దానిని చూచి అభిమానులు చచ్చిన బొద్దింక యని పేరుపెట్టిరి. ప్రథమ ఇష్యూను పునర్నిర్మించువాడు ఈ బొద్దింకనుకూడ యథాస్థానమున పెట్టవలెనా? పెట్టవలెననియే నిష్ఠగలవారి మతము. లేఖకుని దోషమును మూలమునుండి చెరిపివేసినచో ఆ ప్రతి చరిత్ర చెరిగిపోవును కదా.

శాశ్వత కార్యక్రమమందును ఇట్టి లేఖకదోషమున్నది. బయటినుండి అత్యవసరసంజ్ఞ వచ్చినపుడు ప్రాసెసరు ఒక చిరునామాను చూచి, అందు చెప్పినచోటికి దుమికి పని చేయవలెను. శూన్యమైనచో తిరిగి పొమ్ము అని యుండవలసినచోట, శూన్యము కానిచో తిరిగి పొమ్ము అని పడినది. ఒక్క మాట తారుమారై ఆ సౌకర్యమంతయు వ్యర్థమయ్యెను. 48 కిలోబైట్ల యంత్రము అమ్ముడుపోయినంతకాలమును దానిని దిద్దలేదు. నేడు పునర్నిర్మాతలు ఆ 16 కిలోబైట్ల పాఠమును క్రొత్త చిప్పులోనికి ఎక్కించునపుడు సామాన్యముగా దోషముతోడనే ఎక్కింతురు. హక్కులుగల ఆమ్‌స్ట్రాడ్ వారు హక్కును తమకడనే యుంచుకొని, పాత యంత్రమును అనుకరించు కార్యక్రమములతో ఆ పాఠమును పంచుకొనుటకు 1999లో అనుమతి నిచ్చిరి. ఇది వారి ఔదార్యమే; ఇట్టి అనుమతి లేక అనాథలైన యంత్రములు పెక్కు కలవు.

ఇక పనితీరు. బోర్డునకు రెండువైపులను రాగిదారులుండును. ఎత్తు తక్కువవి మొదట, ఎక్కువవి పిమ్మట అతికింపవలెను. అనగా రెసిస్టర్లు, డయోడులు, చిప్పుల సాకెట్లు, కడపట కెపాసిటర్లు, టెలివిజనుకు తీగె నిచ్చు డబ్బీ. రెసిస్టరుపైని రంగుగీతలే దాని విలువ. నూనెబుడ్డివంటి కెపాసిటర్లకు ధన ఋణములు కలవు. తలక్రిందైనచో ఉబ్బి పేలును. పాత యంత్రములలో మొట్టమొదట చెడునవియు ఇవియే. లోపలి ద్రవము ఏండ్లకొలది ఎండిపోవును. టంకపుకడ్డీని ఒక్కచోట ఎక్కువసేపుంచినచో రాగిదారి బోర్డును విడిచి లేచును. కంసాలిపని చూచినవారికి ఈ ఒడుపు క్రొత్తది కాదు.

చిప్పులు పెట్టుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. ఇదియే ప్రాణము. బయటినుండి వచ్చు తొమ్మిది వోల్టులనుండి ఈ బోర్డు తనకుగా మూడు విధముల విద్యుత్తును చేసికొనును: 5 వోల్టులు, 12 వోల్టులు, ఋణ 5 వోల్టులు. మొదటి 16 కిలోబైట్ల నిచ్చు 4116 అను ఎనిమిది చిప్పులకు ఈ మూడును కావలెను. ఋణ 5 వోల్టులు లేక 12 వోల్టులు మాత్రము వచ్చినచో ఆ చిప్పులు దగ్ధమగును. ఆ వోల్టులను పుట్టించు చిన్న ట్రాన్సిస్టరు, నాలుగవ సంఖ్యగలది, ఈ యంత్రమున కెల్ల బలహీనస్థానము. కావున ఖాళీ సాకెట్లలో మీటరు ముల్లుంచి మూడింటిని కొలిచిన పిమ్మటనే చిప్పులను కూర్చుండబెట్టవలెను. ఇప్పుడు 5 వోల్టులతోనే పనిచేయు మారుచిప్పులు వచ్చినవి. జోల్వా పనివాడు వానిని నిరాకరించి, పాతవానినే వెదకి తెచ్చెను. ఇందు నే నతని పక్షమువాడను కాను. ఎప్పటికైనను కాలు చిప్పును తెలిసి పెట్టుట భక్తియే కాని బుద్ధి కాదు. కాని బోర్డు అతనిది.

పైని 32 కిలోబైట్ల సంగతి మరింత రుచికరము. 64 కిలోబిట్ల చిప్పులలో సగము చెడినవానిని సింక్లెయిరు వారు చవుకగా కొనిరి. మంచిసగము ఏవైపున నున్నదో తెలిపి, బోర్డుపై ఒక తీగెముక్కను తగినట్లు అతికించి, ఆ సగముతో పని జరిపిరి. పుచ్చువంకాయను సగము కోసి కూర వండిన గృహిణి నేర్పిది. పునర్నిర్మాతకు ఈ తీగెముక్క స్థానము తెలియకున్నచో పని అచ్చటనే నిలిచిపోవును.

అన్నియు కూర్చి విద్యుత్తు నిచ్చినపుడు జరుగునది చూడదగినది. కార్యక్రమము మొదట తన జ్ఞాపకమును తానే పరీక్షించుకొనును. ప్రతి గదిలోను రెండు అను అంకెను నింపును. అందుచేత నల్లనితెరపై సన్నని ఎర్రగీతలు నిలువుగా క్షణకాలము కానవచ్చును. పిమ్మట ప్రతి గదిని తడవి చూచుకొని, తెరను తెల్లగా తుడిచి, అడుగున 1982 అను సంవత్సరముతో సింక్లెయిరు సంస్థ పేరు వ్రాయును. ఎనిమిది చిప్పులలో ఒకటి చెడినను గీతలు తుడుచుకొనిపోవు. వాని వరుసనుబట్టి ఎన్నవ చిప్పు చెడినదో చెప్పవచ్చును. జోల్వాలోని బోర్డు రెండుదినములు గీతలతోనే నిలిచెను. అతడు మీటరు ముట్టక, గీతలను వ్రేలితో లెక్కించి ఒక చిప్పు పెరికి మరియొకటి పెట్టగా, మూడవదినమున పేరు వచ్చెను. నేటి టెలివిజన్లు పాత గాలితరంగపు సంజ్ఞను గ్రహింపకపోవుటచేత, తీగెను నేరుగా చిత్రపుదారికి కలిపికొనవలసి వచ్చినది. టేప్‌రికార్డరు స్థానమున చేతిఫోనును పెట్టి పాత ఆటయొకదాని ధ్వనిని వినిపించిరి. కీచుమనుచు అయిదునిమిషములలో ఆట ఎక్కెను.

ఇప్పుడు తార్కికులు అడుగు ప్రశ్న. బోర్డు క్రొత్తది, చిప్పులు సగము క్రొత్తవి, పెట్టె క్రొత్తది, ఇది పాతయంత్రమెట్లగును? కల్యాణమండపమున పాతరాయి ఎంత మిగిలినను మిగులకున్నను, దాని కొలత, పొందిక, బరువు నిలుచుతీరు మిగిలినవి. హార్లెక్వినులో 1982నాటి వస్తువు ఇసుమంతయు లేకపోవచ్చును. అయినను ఆ యంత్రమును తుదముట్ట తెలిసికొననిదే దానిని కట్టుట అసాధ్యము గనుక, జ్ఞానము మాత్రము పూర్తిగా పాతదే. దీనికి విరుద్ధమైన ఆచారము నొకదానిని మాత్రము నేను సహింపజాలను. కొందరు చక్కగా పనిచేయుచున్న పాత యంత్రమును విప్పి, దాని యు.ఎల్.ఎ. నూడబెరికి, తమ క్రొత్తబోర్డు నలంకరించుకొనుచున్నారు. అది జీర్ణోద్ధరణము కాదు. గుడిరాళ్లు మోసుకొనిపోయి గోడ కట్టుకొనుట. చిప్పుల కరువు రానురాను హెచ్చును. 1976లో పుట్టి స్పెక్ట్రమునకు మెదడైన జడ్-80 ప్రాసెసరునకు కూడ, 2024 జూన్ 14 దాటినపిదప ఆర్డర్లు స్వీకరింపమని జైలాగ్ సంస్థ ఆ ఏప్రిల్‌లో ప్రకటించెను. దాదాపు నలుబదియెనిమిదేండ్లు ఒకే చిప్పు అమ్ముడుపోవుట ఈ పరిశ్రమలో అరుదు.

మన దేశపు సంగతి ఇంతకంటె చింతనీయము. మనకు కంప్యూటరు నిర్మాణము పరాయివిద్య కాదు. పశ్చిమగోదావరి మోగల్లులో జనించిన అయ్యగారి సాంబశివరావుగారి నేతృత్వమున 1967లో హైదరాబాదున వెలసిన ఇ.సి.ఐ.ఎల్. టి.డి.సి. శ్రేణి గణకయంత్రములను నిర్మించెను. 1984లో కేంద్రప్రభుత్వము క్లాస్ అను పథకముక్రింద దాదాపు 250 పాఠశాలలలో బి.బి.సి. మైక్రో అను యంత్రమును ప్రవేశపెట్టెను. నడివయస్సుననున్న మన సభ్యులలో కొందరు మొదట కీబోర్డును ముట్టినది దానిమీదనే అయియుండవచ్చును. మొహాలీలోని సెమికండక్టర్ కాంప్లెక్సు ఆ యంత్రమునే యూనికార్న్ అను పేర చేసెను. 1989 ఫిబ్రవరిలో ఆ కర్మాగారము అగ్నికి ఆహుతియైనది. 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వారు సింక్లెయిరు అనుమతితో డి.బి. స్పెక్ట్రమ్ ప్లస్ ను మనదేశమున విడుదల చేయగా, కొన్నివేలు అమ్ముడుపోయినవి.

బ్రిటిషు స్పెక్ట్రమునకు మరమ్మతు గ్రంథము, పటములు, ఔత్సాహికులు అన్నియు కలవు. మన యంత్రములకు ఆ యంత్రములే శాసనములు. డి.బి. స్పెక్ట్రమ్ బోర్డు ఆంగ్లేయుల బోర్డునుండి ఎచ్చట వేరుపడెనో, ఏ భాగము మనదేశములో దొరకునదిగా మార్చిరో చెప్పగలది ఆ బోర్డు ఒక్కటియే. అట్టి బోర్డులు పాతసామానువాని తక్కెడలో కిలోల లెక్కను పోవుచున్నవి.

మన సభ్యులలో ఎవరి అటకపైనైనను ఇట్టి యంత్రమున్నచో, అమ్మివేయుటకు ముందు మూత తీసి బోర్డు రెండువైపులను ఛాయాచిత్రములు తీయుడు. మూలనున్న ఇష్యూ సంఖ్యను, చిప్పులపైని అక్షరములను వ్రాసికొనుడు. చిప్పుపై తరచుగా కానవచ్చు నాలుగంకెలలో మొదటి రెండును సంవత్సరము, చివరి రెండును వారము; 8643 అన్నచో 1986వ సంవత్సరమున నలుబదిమూడవ వారమున చేసినదని అర్థము. విద్యుత్తును మాత్రము వెంటనే ఇయ్యరాదు. ముందుగా తొమ్మిది వోల్టుల పెట్టెను విడిగా కొలిచి, అది సరిగానున్నదని తేలిన పిమ్మట, ఎరిగిన పనివాని ముందరనే మీట నొక్కవలెను.